చీలమండ లోతు నీళ్ళు

మార్చి తొమ్మిదో తేదీ, ఆదివారం. ఆ మధ్యాహ్నం వేదాద్రి ఇంట్లో ముద్దపప్పు, మిరియాల చారు, నూనెలో నల్లగా వేగిన చల్ల మిరపకాయలు. ఆయన భార్య వసుంధర గుండె నీరసించిందనీ, ఉప్పు ముట్టుకోవద్దనీ డాక్టర్లు నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఆ రోజు ఆమె ఐదు మిరపకాయలు తిన్నది.

"ఒక్కపూటకి గుండె ఏమన్నా అలిగి కూర్చుంటుందా?" అంది, ఐదోదాని తొడిమ పళ్ళెం అంచున పెడుతూ. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి తర్వాత తనను తాను క్షమించుకోలేకపోయాడు.

సోమవారం సాయంత్రానికి ఆమె పాదాలు పొంగాయి. "ఎక్కువ నడిచాను, అంతే" అంది. ఆ రాత్రి మూడు దిండ్లు ఎత్తు వేసుకుని కూర్చునే నిద్రపోయింది. మంగళవారం తెల్లవారేసరికి ఊపిరితిత్తుల్లో నీళ్ళు నిండాయి. ఆసుపత్రికి పోయే ఆటోలో, దుమ్ము లేచే రోడ్డు మీద, వసుంధర మునిగిపోసాగింది. వేదాద్రి ఆమెను గుండెకు అదుముకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన మీద గొంతు పెంచని మనిషి ఆయన్ను గోళ్ళతో రక్కింది, తలతో గడ్డం కింద పొడిచింది, పిడికిళ్ళతో మొహమంతా బాదింది. గాజు పగిలి ఆయన ఎడమ కనుబొమ్మను చీల్చింది. రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు ఆగిపోయాయి.

కనుబొమ్మకు మూడు కుట్లు పడ్డాయి. ఆ మచ్చేమిటని ఎవరడిగినా, "మా ఆవిడ గుర్తు" అనేవాడు. పోతూ పోతూ తన ఒంటి మీద ఏదో ఒకటి మిగిల్చి పోయింది, అదే చాలుననుకున్నాడు. ఆ మచ్చ ఇంకొక సంగతి కూడా చెబుతోందని ఆయనకు తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

వేదాద్రి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. భార్య పోయాక ఆ ఉద్యోగం మానుకుని, ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న హైమవతి నడుపుతున్న పరిశోధనశాలలో చేరాడు. హైమవతి ఇప్పుడు పేరున్న గుండె డాక్టరు. ఆయన పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఆదివారం తిన్న మిరపకాయ మంగళవారం చంపుతుంది. మధ్యలో ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఆ ఊపిరాడనితనం ఆదివారమే, మిరపకాయ ఇంకా నాలుక మీద ఉండగానే వస్తే?

నాలుగేళ్ళకు ఒక బిళ్ళ తయారైంది. బొటనవేలి గోరంత ఉంటుంది. మెడ ఎముక కింద చర్మంలో పెడతారు. దాని తీగ ఒకటి నాలుక రుచిని కనిపెడుతుంది, ఇంకొకటి ఊపిరితిత్తుల తడిని కొలుస్తుంది, మూడోది మెదడుకు పోయే పెద్ద నరాన్ని మీటుతుంది. ఉప్పు తగిలినా, మాత్రలు మానేసి తడి పెరిగినా, ఇరవై సెకన్లపాటు మనిషి మునిగిపోతాడు. నిజంగా కాదు గానీ ఒంటికి మాత్రం నిజమే. ఎప్పుడు మోగిందో, ఎందుకు మోగిందో బిళ్ళే రాసిపెడుతుంది. హైమవతి దానికి 'మేల్కొలుపు' అని పేరు పెట్టింది.

అప్పటికి విషజ్వరం ఒకటి వచ్చి వేదాద్రి గుండె కూడా భార్య గుండె దారే పట్టింది. అందుకని మొదటి బిళ్ళ ఆయనే పెట్టించుకున్నాడు. ఒక ఆదివారం ఒంటరిగా వంటింట్లో నిలబడి, ఒక్క చల్ల మిరపకాయ కొరికాడు.

తెలివి వచ్చేసరికి గిన్నెల స్టాండు నేలమీద ఉంది. వంటింటి తలుపు ఒక రెక్క బందు ఊడి వేలాడుతోంది. పిడికిలి కణుపుల మీద చర్మం లేచిపోయింది. ఆయన ఆ గాజుపెంకుల మధ్య కూర్చుని, ఆరేళ్ళ పిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ రోజు నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నాడు: 'పని చేస్తోంది. నష్టం: తలుపు బందు ఒకటి, గ్లాసులు నాలుగు.' తరవాత ఎప్పుడూ ఆయన ఉప్పు జోలికి పోలేదు. మొదట్లో కొందరికి బలం తగ్గించి పెట్టి చూశారు. వాళ్ళు నెల తిరక్కుండానే దానికి అలవాటు పడి, దగ్గుతూనే పచ్చడి జాడీల్లో చేతులు పెట్టారు. దాంతో మళ్ళీ పూర్తి బలమే ఉంచారు.

ఆయన కాక ఇంకో ఇరవై నలుగురికి పెట్టారు. అంతకుముందు ఏడాది ఆ మనుషులే ఊపిరాడక ముప్పై ఒక్కసార్లు ఆసుపత్రికి వచ్చారు. బిళ్ళ పెట్టాక ఏడాదిలో వచ్చింది రెండేసార్లు. మాత్రలు వేళకు పడుతున్నాయి, నీళ్ళు కొలిచి తాగుతున్నారు, పొద్దున్నే బరువు చూసుకుంటున్నారు. చెడ్డ కబురంటూ వచ్చింది ఒకటే. ఏడో నంబరు ఒక రిటైరైన బస్సు కండక్టరు; ఆయన భార్య మేడమెట్ల మీంచి పడి పోయింది. 'ఇంట్లో ప్రమాదం' అని వేదాద్రే తన చేత్తో రాశాడు. పలకరించడానికి వెళ్తే కండక్టరు గోడ వైపు చూస్తూ, "దగ్గరికి రావద్దని ముందే చెప్పాను సార్" అన్నాడు. దుఃఖంలో మనిషి ఏదేదో అంటాడులే అనుకున్నాడు వేదాద్రి.

ఆ తరవాతే పందొమ్మిదో నంబరు సంగతి బయటపడింది. పేరు అంకయ్య, సముద్రపు నీళ్ళు ఎండగట్టి ఉప్పు తీసే కొటార్లలో పని. ఆయన బిళ్ళ వరసగా నలభై ఒక్క రోజులు, పొద్దున ఆరూ పదికి మోగింది.

"దొంగతనంగా తింటున్నాడు మాస్టారూ" అంది హైమవతి.

"తింటే ఊపిరితిత్తులు తడవాలి కదమ్మా. చూడు, ఎండి ఉన్నాయి."

"పోయినసారి ఆయన భార్య వచ్చింది. ముందు పళ్ళు రెండు లేవు. గట్టు మీద జారిపడ్డానంది."

మర్నాడు తెల్లవారకముందే వేదాద్రి ఆటో ఎక్కాడు.

కొటారుపాలెం సముద్రానికి అర మైలు. ఎటు చూసినా అద్దాలు పరిచినట్టు ఉప్పు మడులు, గట్ల మీద తెల్లటి కుప్పలు. అంకయ్య మడిలో నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎండుకట్టెలా ఉన్నాడు. కాళ్ళకు వాపు లేదు. అది చూసి వేదాద్రి ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఏంది సారూ, కోడి కుయ్యకముందే దిగినావు? నేను బతికుండానో లేదో చూసిపోదామనా?"

"బతికే ఉన్నావులే. పొద్దున్నే ఏం తిన్నావు?"

"రాగి జావ. ఉప్పు లేకుండా. దాన్ని చూస్తే మా కుక్క కూడా మూతి తిప్పుకుంటది."

"కుక్కకి బుద్ధుంది. నీకుందా?" అంది గట్టు మీదినుంచి ఆయన భార్య చెంచమ్మ. నవ్వబోయి, పళ్ళ సందు గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. మోచెయ్యి దగ్గర పసుపుపచ్చగా మారుతున్న దెబ్బ ఒకటి వేదాద్రి కంటబడింది. ఆమె గట్టు దిగి, కొంగు నడుముకు బిగించి, మొగుడి వెనక వచ్చి నిలబడింది. రోజూ ఆ వేళకు ఆ పనే ఉన్నట్టుంది.

అంకయ్య వంగి, మడి నీళ్ళలో వేలు ముంచాడు.

"అదేమిటి?" అన్నాడు వేదాద్రి.

"రుచి సారూ. ఉప్పు దిగే నెలల్లో రోజూ చూడాల. ఉప్పు దిగినాక పైన నీళ్ళు చేదెక్కుతయ్యి. చేదు ముదరకముందే నీళ్ళు వదిలెయ్యాల. లేకుంటే మడి మడంతా పాడు. ముప్పై ఏళ్ళుగా ఈ కొటారు మొత్తానికి నా నాలికే తూకం. తినను, ఊసేస్తా. ఉప్పు తిన్నావా అని గదా మీ కాగితంలో అడిగేది? తినలా. నేను అబద్ధం రాయించలా."

"ఆగు అంకయ్యా..."

వేలు అప్పటికే నాలుక మీద ఉంది.

అంకయ్య కళ్ళు వెలికి వచ్చాయి. నోరు తెరుచుకుంది గానీ గాలి లోపలికి పోలేదు. మోకాళ్ళు వంగి బోర్లా పడబోయాడు. పడితే ఆ ఉప్పునీళ్ళు మింగుతాడు, ఆ వెంటనే ఇంకో మునక. అందుకే చెంచమ్మ వెనకనుంచి రెండు చేతులూ వేసి ఆయన్ను కరుచుకుంది. ఆయన మోచెయ్యి వెనక్కి విసురుగా వచ్చి ఆమె నోటికి తగిలింది. ఆమె వదల్లేదు. రెండోసారి దవడ మీద. అయినా వదల్లేదు. ఆయన గిర్రున తిరిగి ఆమె జుట్టు దొరకబుచ్చుకున్నాడు. నూతిలో పడినవాడు తీయడానికి దిగినవాణ్ణే తొక్కి పైకి లేస్తాడు. అంకయ్య కూడా భార్య భుజాల మీదికి ఎక్కాడు. ఆమె మొహం మడిలోకి పోయింది. ఉప్పు రవ్వల మీద నెత్తురు గులాబీరంగు తీగలా పాకింది.

వేదాద్రి చెప్పులతోనే మడిలోకి దూకాడు. అంకయ్య నడుము పట్టి లాగాడు. ఒక తన్ను డొక్కలో పడింది. వెల్లకిలా పడ్డాడు. నోటినిండా మడి నీళ్ళు.

ఆయన బిళ్ళ మేలుకుంది.

పగలు ఆరిపోయింది. రొమ్ము మీద సముద్రమంత బరువు. పైన ఎక్కడో వెలుతురు ఉంది, అందదు. చేతికి ఏదో తగిలింది. వెచ్చగా, మెత్తగా, ప్రాణంతో ఉంది. దాన్ని పట్టుకున్నాడు. కిందికి తొక్కాడు. అది పెనుగులాడింది. ఇంకా గట్టిగా తొక్కాడు. అది ఎవరిదైనా ఆయనకు అక్కర్లేదు. దాని మీదుగా పైకి పోవాలి, అంతే.

చీలమండ లోతు నీళ్ళు. అందులో ఇద్దరు మగవాళ్ళు మునిగిపోతున్నారు. వాళ్ళ మధ్య ఒక ఆడమనిషి.

మళ్ళీ వెలుతురు వచ్చేసరికి ఎవరో తన చొక్కా పట్టి గట్టు మీదికి ఈడుస్తున్నారు. చెంచమ్మ. ఒక చేత్తో మొగుణ్ణి, ఒక చేత్తో ఆయన్ను లాగుతోంది. ఆమె కుడిచెవి తమ్మె చీలి, మెడ మీదుగా రవిక తడిసిపోయింది. వేదాద్రి తన పిడికిలి విప్పి చూసుకున్నాడు. అందులో వెంట్రుకల గుత్తి, ఒక కమ్మ.

"నీకూ ఉందా సారూ, ఆ బిళ్ళ?" అంది ఆమె రొప్పుతూ. ఆయన తల ఊపాడు. ఆమె పరుగున పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, ముందు మొగుడి నోట్లో, తరవాత ఆయన నోట్లో పోసింది. "పుక్కిలించి ఊసెయ్యండి. మింగబాకండి. ఇయ్యాల్టి కొలతలో పడతాది."

ఆ మాటకు వేదాద్రి ఏడ్చేశాడు. చెవి తెగిన మనిషి ఇంకా గుక్కలు లెక్కపెడుతోంది.

అంకయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. "పట్టుకోబాకే అని కాళ్ళు మొక్కి చెప్పినా. ఇనదు. రుచి చూడ్డం మానుకున్నా గూడా ఒకటే సారూ, ఈడ గాలే ఉప్పు. చెమట పెదాల మీదికి జారినా మునుగుతా. ఈ మడ్లోనే ఏదో ఒక పొద్దు దీన్ని చంపేస్తా."

వేదాద్రి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ కనుబొమ్మ మీదికి పోయింది. వసుంధర ఆ మంగళవారమే చెప్పింది. మునిగేవాళ్ళు పట్టుకున్నవాళ్ళనే కొడతారు. తన వంటింట్లో గ్లాసులే పగిలాయంటే, అక్కడ తనను పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు గనక.

మధ్యాహ్నానికల్లా ఆయన పరిశోధనశాలలో కూర్చుని, అంకయ్య, కండక్టరు ఇళ్ళు పోను మిగతా ఇరవై రెండు ఇళ్ళకూ ఫోన్లు చేశాడు. అడిగింది ఒకే మాట: "మునక వచ్చినప్పుడు పట్టుకునేది ఎవరు?" ఒకచోట చాలాసేపు ఊపిరి చప్పుడే వినబడింది. ఒకచోట, "మా కోడలు సార్. మణికట్టు విరిగింది. స్కూటరు మీంచి పడిందని చెప్పాం" అన్నారు. ఒకావిడ నవ్వుతూ, "పోనిద్దురూ, మనిషి తిరుగుతున్నాడు, అది చాలు" అని ఫోను పెట్టేసింది. ఒంటరిగా బతికే ముగ్గురి ఇళ్ళలో మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. ఒకరి టీవీ పగిలింది.

సాయంత్రం నాలుగింటికి హైమవతి బల్ల మీద ఆ కమ్మ పెట్టాడు.

"ఇది నేను తెంపింది, హైమా. ఏడో నంబరు భార్య మెట్ల మీంచి పడలేదు."

ఆమె ఆ కమ్మను చేతిలోకి తీసుకుంది. "ఆపేస్తే వీళ్ళలో ఏడాది తిరిగేసరికి ఎంతమంది ఉంటారు?" అంది.

"తెలీదు."

"నాకు తెలుసు. సగం. సగంమంది ప్రాణాలు తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, ఇప్పుడు వదిలెయ్యమంటున్నారు. క్లాసులో ఇలా చెప్పలేదు మీరు."

"క్లాసులో తప్పు చేస్తే కొట్టేసి మళ్ళీ రాయమనేవాణ్ణి."

"ఇది లెక్క కాదు మాస్టారూ!"

"కాదు. లెక్కయితే ఆ కండక్టరు భార్య ఎక్కడో ఒకచోట కనబడేది. మన కాగితాల్లో ఆవిడకి గడే లేదు."

హైమవతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన సొరుగులోంచి అరచేతిలో ఇమిడే తాళంపెట్టె తీశాడు. బిళ్ళను నిద్రపుచ్చేది అదే. చొక్కా గుండీ విప్పి, మెడ ఎముక కింద ఆనించుకుని నొక్కాడు.

"మీ గుండె సంగతి మర్చిపోయారా?" అంది ఆమె గభాల్న లేచి.

"నా గుండెకేం. దిండ్లు లెక్కపెట్టుకోవడం నాకు వచ్చు."

ఆమె సొరుగులోంచి దూది తీసింది. కమ్మను దూదిలో చుట్టి ఆయన చేతికిచ్చింది. "ఎవరికి వాళ్ళనే అడగండి. బలవంతంగా పెట్టలేదు, బలవంతంగా తీయొద్దు. రేపట్నించి నేనూ వస్తాను. కండక్టరు ఇంటికి మాత్రం నేనొక్కదాన్నే వెళ్తాను."

వేదాద్రి మళ్ళీ కొటారుపాలెం చేరేసరికి దీపాలు పెట్టారు. చెంచమ్మ చెవికి కట్టు ఉంది. వసారాలో ఒక చాప పరిచి ఉంది. తలుపు గొళ్ళెం బయటివైపు ఉంది.

"నిద్దట్లో చెమట పోసినా మునుగుతాడు గదా సారూ. నేను ఈడ పడుకుంటా. ఆయన్ని లోపల పెట్టి గొళ్ళెం వేస్తా" అందామె, మామూలు సంగతి చెప్పినట్టు.

ఆయన వచ్చిన పని చెప్పాడు. ఆమె ఒక్క ఉదుటున లేచి మొగుడికి అడ్డం నిలబడింది.

"ఆపబాక. నీకు దణ్ణం పెడతా, ఆపబాక సారూ. పోయినేడు మూడుసార్లు ఈణ్ణి శవంలాగా ఆటోలో ఏసుకుని పోయినా. ఈ ఏడు ఒక్కసారి పోలా. రెండు పళ్ళు, ఒక చెవి. పోతే పోయినయ్యి."

"మూడోసారి నీ మెడ" అన్నాడు అంకయ్య వెనకనుంచి.

"నా మెడ నా ఇష్టం."

"చేతులు నాయి గందే!" అంకయ్య అరచేతులు ముందుకు చాపాడు. "పొద్దున లేచి ఈ చేతులు చూసుకోవాలంటే భయంగా ఉంది. నన్ను బతికించుకోవాలని నీకుంటే, నన్ను హంతకుణ్ణి చెయ్యబాక."

చెంచమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. అప్పుడు చూశాడు వేదాద్రి, ఆమె వెనక గోడంతా బొగ్గు గీతలు. పొద్దుటి బరువుకు నిలువు గీతలు, తాగిన చెంబులకు సున్నాలు. అక్కడక్కడా బొటనవేలి ముద్రలు.

"ఇవేంటమ్మా?"

"కాలి మీద వేలు పెట్టి నొక్కి చూస్తా. గుంట నిలబడితే ముద్ర ఏస్తా. ఆ రోజు నీళ్ళు అర చెంబు తగ్గిస్తా, మీరిచ్చిన నీళ్ళు తీసే మాత్ర ఇంకోటి ఏస్తా. పెద్ద డాక్టరమ్మ మొదట్లో చెప్పింది గదా."

వేదాద్రి జేబులోంచి బిళ్ళ రాసిన కాగితం తీసి, గోడ పక్కన దీపం పెట్టుకుని, తేదీ తేదీకీ పోల్చి చూశాడు. ఏడాదిలో తడి పెరిగినందుకు బిళ్ళ మోగింది నాలుగే సార్లు. ఆ నాలుగుసార్లూ దానికి ఒక రోజు, రెండు రోజుల ముందే గోడ మీద వేలిముద్ర ఉంది. మిగిలినవన్నీ నాలుక రుచికీ, చెమటకీ పడిన దెబ్బలు.

"చెంచమ్మా, ఈయన్ని బతికించింది ఇది కాదు" అన్నాడు కాగితం మడుస్తూ. "నువ్వు. ఇది కొట్టే పని మాత్రమే చేసింది. రేపు ఏమవుతుందో నేను చెప్పలేను. కానీ ముద్ర వరసగా రెండు రోజులు పడితే మూడో రోజు కోసం ఆగొద్దు. నాకు ఫోను చెయ్యి."

ఆమె గోడ మీది ముద్రల మీద అరచెయ్యి ఆనించింది. చివరికి, "రుచి రేపట్నించి నేను చూస్తా. నాకు నేర్పు" అంది మొగుడితో.

"నీ నాలిక్కి చేదు తెలుస్తదా? ముప్పై ఏళ్ళు నన్ను తిట్టీ తిట్టీ మొద్దుబారిపోయుంటది."

"తెలుస్తదిలే. నిన్ను భరించినా గదా."

వేదాద్రి అంకయ్య మెడ ఎముక కింద తాళంపెట్టె ఆనించి నొక్కాడు. ఆపైన ఒకటి తేల్చుకోవాలి. అంకయ్య తన భార్యను దూరంగా, గుమ్మం అవతలికి పొమ్మన్నాడు. వసారా బస్తా మీంచి ఒక ఉప్పు రవ్వ తీసి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఏమీ కాలేదు. అంకయ్య రవ్వను ఊసేసి, పుక్కిలించి, చెంపలు తుడుచుకున్నాడు.

"ఉప్పగా ఉంది" అన్నాడు.

వేదాద్రి దూదిలో కమ్మ ఆమెకిచ్చి, రెండు చేతులూ జోడించాడు. "నువ్వు ఒళ్ళు తెలిసి చేసింది కాదు గదా సారూ" అని, ఆమె ఆయన చేతులు విడదీసి పక్కకు పెట్టింది. "నీ కాళ్ళు ఎవరు నొక్కి చూస్తారు?"

"నేనే."

"వంగితే ఆయాసం రాదూ? ఈయన్ని చూసేదానికి గురువారం రా సారూ. నేను చూస్తాలే."

ఆటో గట్టు మలుపులో ఉంది. ఎక్కబోతూ ఆయన వెనక్కి తిరిగాడు. చెంచమ్మ వసారాలో చాప చుట్టి చంకన పెట్టుకుంది. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, దీపం అందుకుని లోపలికి పోయింది. గొళ్ళెం బయటే వేలాడుతూ ఉండిపోయింది. పడుకున్నవాణ్ణి లేపకూడదన్నట్టు, ఆమె లోపలినుంచి తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.